వెయిట్‌లిఫ్టర్ నుంచి కోచ్, కోచ్ నుంచి కార్పొరేటర్: మన బరంపురం పిల్లలకు నాకు తెలిసిన దారి

మా వెయిట్‌లిఫ్టింగ్ హాలుకు కొత్తగా వచ్చే పిల్లలు, వాళ్ళ వెనకాలే వచ్చే అమ్మానాన్నలు, మొదటి రోజే అడిగేది దాదాపు ఒకటే: "మాస్టారూ, ఎంత బరువెత్తితే ఉద్యోగం వస్తుందండీ?" అందులో తప్పేమీ లేదు. నేత నేసుకునే ఇళ్ళ నుంచి, అప్పడాలు ఒత్తి అమ్ముకునే ఇళ్ళ నుంచి, బండి మీద టిఫిన్లు పెట్టుకునే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఇంకేం అడుగుతారు? కానీ ఇరవై ఏళ్ళకు పైగా బరంపురంలో పిల్లల చేత బరువులెత్తించి, మధ్యలో రెండుసార్లు వార్డు ఎన్నికల్లో నిలబడి, ఒకసారి ఓడి ఒకసారి గెలిచిన మనిషిగా నేను చెప్పేది ఇంకోటి ఉంది. పోటీల్లో ఎత్తే వయసు మహా అయితే పదిహేనేళ్ళు. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళ బతుకు మిగిలి ఉంటుంది, దానికి కావలసిన పనులు ఎత్తే రోజుల్లోనే మొదలుపెట్టాలి. ఎత్తడం మానేశాక మొదలుపెడదాం అనుకున్న వాళ్ళని చాలామందిని చూశాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది.

ఇది ఒడిశాలో ఉన్న మన తెలుగు పిల్లల కోసం రాస్తున్నాను. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడున్నా సరే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊళ్ళు ఇటు వచ్చాయి, మన చుట్టాలు ఇచ్ఛాపురం అవతల ఉండిపోయారు. దానివల్ల మనకి కొన్ని పనులు అదనంగా పడతాయి, కటక్ కుర్రాడికీ విశాఖ కుర్రాడికీ అవి ఉండవు. నా దగ్గరి పిల్లలతో మాట్లాడినట్టే "నువ్వు" అని రాస్తున్నాను, పెద్దలు ఏమీ అనుకోకండి.

ముందు పిర్రోస్ దిమాస్ గురించి తెలుసుకో

బలం మన నేలకి కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు గారిది వీరఘట్టం, మన పక్కనే. కరణం మల్లేశ్వరి గారిది ఆమదాలవలస ప్రాంతం, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం. మన బరంపురం నుంచే కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి తెచ్చాడు. అయితే ఎత్తడం, నేర్పడం, ప్రజల తరఫున కూర్చోవడం, ఈ మూడూ చేసిన మనిషిని చూడాలంటే నేను పిల్లలకి గ్రీసు లిఫ్టర్ దిమాస్ కథే చెబుతాను.

ఆయన 1971లో అల్బేనియాలో హిమారా అనే ఊళ్ళో గ్రీకు కుటుంబంలో పుట్టాడు. ఇంటి భాష ఒకటి, సర్కారు భాష ఇంకొకటి. మనకి కొత్తగా చెప్పక్కర్లేదు కదా ఆ సంగతి. 1991లో గ్రీసుకి వెళ్ళిపోయాడు, మరుసటి ఏడాదే బార్సిలోనాలో 82.5 కిలోల విభాగంలో బంగారం గెలిచాడు. బరువు తల మీద ఉండగానే "గ్రీసు కోసం!" అని అరిచిన అరుపు ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. 1996 అట్లాంటాలో మళ్ళీ బంగారం, 2000 సిడ్నీలో మళ్ళీ. 2004లో ఏథెన్స్‌లో సొంత జనం ముందు, గాయాలతో, కాంస్యం. ఆఖరి లిఫ్ట్ అయ్యాక బూట్లు విప్పి ప్లాట్‌ఫాం మీదే వదిలేసి వెళ్ళాడు. మా ఆటలో ఇక ఎత్తను అని చెప్పే పద్ధతి అది.

ఆ తర్వాతి సంవత్సరాలు జాగ్రత్తగా చూడు. 2008లో గ్రీసు వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్యకి అధ్యక్షుడయ్యాడు. 2012లో అక్కడి సోషలిస్టు పార్టీ పాసోక్ నుంచి పార్లమెంటుకి వెళ్ళాడు. 2017లో అమెరికా వెయిట్‌లిఫ్టింగ్ సంస్థకి టెక్నికల్ డైరెక్టరుగా చేరాడు, 2024 పారిస్‌లో ఆ దేశానికి 2000 తర్వాత మళ్ళీ ఈ ఆటలో బంగారం వచ్చింది. మెడల్ పట్టుకుని నేరుగా పార్లమెంటుకి పోలేదు ఆయన. మధ్యలో ఎనిమిదేళ్ళు ఉన్నాయి, అందులో సమాఖ్య పని ఉంది, ఇతరుల పిల్లల కోసం తిరగడం ఉంది.

అందరికీ ఇలా కుదరదు. టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమానోగ్లు 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌లోనూ బంగారం గెలిచాడు, టర్కీలో ఆయన్ని దేవుడిలా చూశారు, ఎన్నికల్లో నిలబడితే మాత్రం గెలవలేదు. అటు నౌరూ అనే బుల్లి ద్వీపంలో మార్కస్ స్టీఫెన్ అనే లిఫ్టర్ కామన్‌వెల్త్ క్రీడల్లో ఏడు బంగారాలు తెచ్చి, 2003లో పార్లమెంటుకి, 2007 చివర్లో దేశాధ్యక్షుడి కుర్చీకి చేరాడు. దేశం మొత్తం కలిపి పదివేల మంది చిల్లర, మన బరంపురంలో ఒకటి రెండు వార్డుల జనమంత. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఆయన తెలుసు. పిల్లలకి నేను చెప్పేది ఇదే: మెడల్ చూసి జనం నీ వైపు తిరుగుతారు, ఓటు మాత్రం నువ్వు వాళ్ళ గుమ్మం ఎక్కిన దాన్నిబట్టి వేస్తారు.

మొదటి పని: నీ పేరు ఒక్కలా రాయించుకో

బరువుల సంగతి తర్వాత. ముందు బీరువాలోంచి నీ కాగితాలన్నీ తీసి చాప మీద పరుచు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, స్కూలు టీసీ, ఆధార్, కులం, నివాసం, ఇప్పటిదాకా ఆడిన పోటీల సర్టిఫికెట్లు. అన్నింటి మీదా నీ పేరు అచ్చం ఒకేలా ఉందా?

ఉండదు. ఎందుకంటే మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి స్కూళ్ళలో దాన్ని వెనక్కి తోస్తారు లేకపోతే ఒక అక్షరం చేసేస్తారు. పైగా ఒడియాలో మన "వ" దగ్గర "బ" పలుకుతారు, రాస్తారు. వెంకట కాస్తా బెంకట అవుతాడు, వాసుదేవ కాస్తా బాసుదేబ అవుతాడు, ఆ ఒడియా రాతని చూసి ఎవరో ఇంగ్లీషులో ఎక్కిస్తారు. మా కుర్రాడొకడికి స్కూల్లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, జూనియర్ నేషనల్స్ సర్టిఫికెట్‌లో మూడో పేరు. స్పోర్ట్స్ కోటాలో పిలుపు వచ్చింది, ట్రయల్‌లో బాగా ఎత్తాడు, సర్టిఫికెట్లు చూసే టేబుల్ దగ్గర ఆపేశారు. అక్కడున్న గుమాస్తా మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పెన్నుతో ఒక్కో పేరు కింద గీత గీసి, "వీళ్ళు ముగ్గురూ ఎవరు?" అని అడిగాడట. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, మా వాడు ఒక్కడేనండి, ముగ్గురు కాదండి" అని ఏడ్చింది. అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన, అన్నీ చేయించేసరికి ఆ ఏటి భర్తీ అయిపోయింది. ఆ గుమాస్తాని తిట్టి లాభం లేదు, ఆయన పని ఆయన చేశాడు. తప్పు జరిగింది పదేళ్ళ ముందు, ఒకటో తరగతిలో చేర్పించినప్పుడు.

సులేమానోగ్లు బల్గేరియాలో పుట్టిన టర్కు, ఆయన పేరుని అక్కడి సర్కారే బలవంతంగా మార్చేసింది, తన పేరు తనకి కావాలని ఆయన దేశమే వదిలేశాడు. మనకి అంత కష్టం లేదు, ఓపిగ్గా నాలుగు ఆఫీసులు తిరిగితే సరిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్ రాకముందే ఆ తిరుగుడు పూర్తి చేయి, దాని మీద ఏ పేరు పడితే మిగతావన్నీ దానికి సరిపెట్టాల్సి వస్తుంది.

ఇంకో రెండు కాగితాల మాటలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి పోటీలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, దానికి వేరే ఫారాలు ఉంటాయి: అంతర్జాతీయ పోటీకి ఫారం 1, జాతీయ పోటీకి 2, యూనివర్సిటీల మధ్య పోటీకి 3, స్కూల్ గేమ్స్‌కి 4. పోటీ అయిన నెల రోజుల్లోనే వెంటపడి సంతకం చేయించుకో. అయిదేళ్ళ తర్వాత వెళ్తే సంతకం పెట్టాల్సిన సెక్రటరీ మారిపోయి ఉంటాడు. రెండోది, ఏ రాష్ట్రం తరఫున ఆడుతున్నావో తేల్చుకో. శ్రీకాకుళంలో మేనమామ ఉన్నాడని ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు అంటే కుదరదు, రాష్ట్ర అసోసియేషన్ మారాలంటే పాత వాళ్ళ నిరభ్యంతర పత్రం కావాలి. అది అడగడం దగ్గరే చాలా స్నేహాలు చెడతాయి.

ఒడియా రాయడం నేర్చుకో, ఈ ఏడే

మాట్లాడటం మనందరికీ వచ్చు, గేట్ బజార్‌లో బేరం ఆడేది ఒడియాలోనే కదా. నేను చెప్పేది చదవడం, రాయడం. ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఏడో తరగతి దాకా ఒడియా ఒక భాషగా చదివి పాసైనట్టో, దానికి సమానమైన ఒడియా పరీక్ష పాసైనట్టో చూపించాలి. తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో ఒడియా లేకుండా చదివిన పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. పోలీసు ఉద్యోగమైనా, రాష్ట్ర క్రీడా శాఖలో కోచ్ పోస్టయినా ఇదే సంగతి.

ఇక పంచాయతీ వైపు చూస్తే, ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడాలంటే 21 ఏళ్ళు నిండి ఉండాలి, ఒడియా చదవడం రాయడం వచ్చి ఉండాలి. ఇద్దరు పిల్లల నిబంధన కూడా ఉంది. ఇంట్లో తెలుగు వదలమని నేను ఎప్పుడూ అనను, మా ఇంట్లో మనవరాలికి తెలుగు వర్ణమాల నేనే దిద్దించాను. కానీ రోజుకో పేజీ ఒడియా దినపత్రిక గట్టిగా చదువు, ఒక దరఖాస్తు సొంతంగా రాయి, ఆరు నెలల్లో వచ్చేస్తుంది. మన మాట వినిపించాలంటే వాళ్ళ అక్షరాల్లో రాయడం రావాలి.

ఎత్తే రోజుల్లో

ఈ భాగం నీకు మీ మాస్టారు చెబుతారు, నేను పొడిగించను. పద్నాలుగేళ్ళ పిల్లాడు వస్తే నేను మొదటి కొన్ని వారాలు ప్లాస్టిక్ పైపుతోనే స్నాచ్ (బార్‌ని నేల మీంచి ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) చేయిస్తాను, వాడికి చిరాకొస్తుంది, రానివ్వు. మగవాళ్ళ బార్ ఖాళీగానే 20 కిలోలు, ఆడపిల్లల బార్ 15, దాన్ని కూడా సంపాదించుకోవాలి. తిండి సంగతికొస్తే చోడి అంబలి, గుడ్లు, పప్పు, ఉలవలు, దొరికితే చేప, ఇవి చాలు. పొడుల డబ్బాల జోలికి పోవద్దు. ఎవరో జిమ్ కుర్రాడు ఇచ్చిన పొడిలో నిషేధించిన మందు ఉంటే, నాకు తెలియదు అంటే నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళు వదలరు, నీ ఒంట్లో దొరికినదానికి నువ్వే బాధ్యుడివి, కావాలని వాడినట్టు తేలితే నాలుగేళ్ళ నిషేధం. దగ్గు మందు కొనే ముందు కూడా నాడా వాళ్ళ "నో యువర్ మెడిసిన్" యాప్‌లో చూసుకో, డాక్టరుకి నేను ఆటగాణ్ణి అని నోరు తెరిచి చెప్పు.

ఒక్క విషయం మాత్రం నిలబడి చెప్పాలి, మొదటి అటెంప్ట్ సంగతి. స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తల మీదికి ఎత్తడం) మూడు అవకాశాలు ఉంటాయి, స్నాచ్‌లో మూడూ పోతే టోటల్ (రెండింటిలో ఎత్తిన ఎక్కువ బరువుల మొత్తం) ఉండదు, ఇంటికి రావడమే. మా వాడొకడు హాల్లో ఒకే ఒక్కసారి, అందరూ చుట్టూ చేరి అరుస్తుంటే, 100 కిలోలు స్నాచ్ చేశాడు. రాష్ట్ర పోటీలకి వెళ్ళాక 98తో మొదలుపెడతానని పట్టుబట్టాడు. నేను ఒప్పుకున్నాను, అది నా తప్పు. మొదటిది వెనక్కి పడింది. రెండోది ముందుకి పడింది. మూడోసారి బార్ మోకాళ్ళు దాటిందో లేదో, వాడి కళ్ళు చూస్తేనే అర్థమైంది, కిందకి దూరడానికి భయపడ్డాడు. లోపలికి వెళ్ళి చూస్తే తెర వెనక బెంచీ మీద కూర్చున్నాడు, చాక్ అంటిన చేతుల్లో ఫోన్, దాని మీద "అమ్మ" అని వెలుగుతోంది, తీయకుండా అలాగే చూస్తున్నాడు. ఆగిపోయాక స్క్రీన్ మీద రెండు తెల్లటి వేలిముద్రలు మిగిలాయి. అప్పటినుంచి మా హాల్లో లెక్క ఒకటే: జ్వరం వచ్చి లేచిన మర్నాడు కూడా ఎత్తగలిగే బరువే మొదటి అటెంప్ట్.

మల్లేశ్వరి గారి సిడ్నీ లెక్క కూడా పిల్లల చేత బోర్డు మీద వేయిస్తాను. స్నాచ్ 110, జర్క్ 130, టోటల్ 240. ఆఖరి అటెంప్ట్ 137.5 అడిగారు, అందలేదు. మొదటి రెండు స్థానాల వాళ్ళ టోటల్ 242.5. ఆ నిర్ణయం తప్పని నేననను, బంగారం కోసం వెళ్ళారు, వెళ్ళే దమ్ము ఉంది కాబట్టే వెళ్ళారు. కానీ ఆ అంకెలు రాసి, వెనక గదిలో కూర్చుని ఎవరు ఎంత అడుగుతారో, టోటల్ సమానమైతే ఎవరు ముందు ఎత్తారో, అడిగే బరువు రాసిచ్చే కార్డు ఎప్పుడు మార్చాలో ఆలోచించడం మొదలుపెట్టావంటే, నువ్వు కోచ్ అవడం మొదలుపెట్టినట్టే.

కోచ్ అవడం

పంతొమ్మిది ఇరవై ఏళ్ళ నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకో, నీది కాదు, నీ పక్కవాడిది. వాడు ఏ రోజు ఎంత ఎత్తాడు, ఎక్కడ తప్పాడు, నిద్ర ఎలా ఉంది. అది ఏడాది చేస్తే నీకు కన్ను వస్తుంది. బాగా ఎత్తేవాళ్ళలో చాలామందికి నేర్పడం రాదు, వాళ్ళకి సహజంగా వచ్చేసింది కాబట్టి ఎదుటివాడికి ఎందుకు రావట్లేదో కనపడదు.

చదువు: పాటియాలాలో 1961 నుంచి ఉన్న నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్ఐఎస్ అంటాం, అక్కడ ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. డిప్లొమాకి డిగ్రీ, ఆటలో స్థాయి రెండూ చూస్తారు, కాబట్టి ఎత్తే రోజుల్లో డిగ్రీ వదిలేయకు. దూరవిద్యలోనైనా పూర్తి చేయి. ఆ ఏటి నోటిఫికేషన్ చదివి అర్హత చూసుకో, ఎవరో చెప్పింది నమ్మకు.

హాలుకి పెద్ద డబ్బు అక్కర్లేదు, కానీ స్థలం కావాలి. పోటీ ప్లాట్‌ఫాం నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, ప్రాక్టీసుకి అంతకన్నా తక్కువలో సరిపెట్టుకోవచ్చు. మేం మొదలుపెట్టింది పాత తాలింఖానా (వ్యాయామశాల) పక్కన రేకుల షెడ్డులో, చెక్కల మీద రబ్బరు షీట్లు పరిచి. బార్ మంచిది ఒక్కటి కొను, మిగతావి తర్వాత. మన సముద్రపు గాలికి బార్‌కి తుప్పు పట్టడం తెలిసిందే, రోజూ సాయంత్రం బ్రష్షుతో చాక్ దులిపి, పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి తిరిగే చోట రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయించు. ఈ పని పిల్లల చేతే చేయించాలి, వంతులవారీగా. తన చేత్తో తుడిచిన బార్‌ని ఎవడూ విసిరికొట్టడు.

ఆడపిల్లలకి వేరే వేళ అని పెట్టకు, అదే వేళ పెట్టు, కాకపోతే తల్లుల్ని మొదటి వారం లోపల కూర్చోనీ. మా వీధిలో ఒక నాన్న "ఆడపిల్లకి బరువులేంటి మాస్టారూ, రేపు పెళ్ళి కావద్దా" అన్నాడు. నేను వాదించలేదు. మల్లేశ్వరి గారి ఊరు మనకి ఎంత దూరమో చెప్పాను, అంతే. ఇప్పుడు ఆ అమ్మాయే నా తర్వాత హాలు చూసుకుంటోంది.

ఫీజు తీసుకో. ఉచితంగా నేర్పాలని ఉంటుంది, కానీ ఇల్లు గడవకపోతే రెండేళ్ళలో హాలు మూసేస్తావు, అప్పుడు ఆ పిల్లలందరికీ అన్యాయం. ఇవ్వలేని వాళ్ళ దగ్గర తీసుకోకు, ఎవరు ఇవ్వట్లేదో మూడో మనిషికి తెలియనివ్వకు.

ఉద్యోగమా, ఎన్నికలా

ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో చేరావంటే ప్రవర్తనా నియమాల ప్రకారం పార్టీలో ఉండకూడదు, ప్రచారం చేయకూడదు, నిలబడాలంటే రాజీనామా చేయాలి. పెళ్ళాం పిల్లలు, ఇంటి లోను ఉన్నప్పుడు నలభై ఏళ్ళకి రాజీనామా అంటే మాటలు కాదు. కాబట్టి ఇరవై అయిదేళ్ళకే ఇంట్లో కూర్చుని మాట్లాడుకో. నా మట్టుకు నేను ఉద్యోగం వచ్చినవాణ్ణి చేరమనే చెబుతాను, ఇంటికి అన్నం ముందు. ప్రజల పని చేయడానికి పదవి ఒక్కటే దారి కాదు. కానీ రాజకీయం నీ రక్తంలో ఉందనిపిస్తే, సొంత హాలు, పక్కన ఏదైనా చిన్న వ్యాపారం, ఇలా స్వతంత్రంగా ఉండే బతుకు ముందునుంచే కట్టుకో.

మొదటి రాజకీయం నీకు జిల్లా అసోసియేషన్‌లోనే ఎదురవుతుంది. అక్కడ కుర్చీల కోసం జరిగేది చూసి చాలామంది ఆటగాళ్ళు అసహ్యపడి వచ్చేస్తారు. రావద్దు. కూర్చో, సమావేశాల మినిట్స్ రాసే పని నువ్వు తీసుకో, లెక్కలు చదవడం నేర్చుకో. పిల్లలకి ఇచ్చే ప్రయాణ ఖర్చు ఎక్కడ ఆగిపోతోందో ఆ లెక్కల్లోనే కనపడుతుంది. దిమాస్ పార్లమెంటుకి ముందు సమాఖ్యలో పనిచేశాడని ఇందాక చెప్పింది దీనికోసమే.

వార్డులో నిలబడటం

నియమాలు ముందు. పంచాయతీకి, మున్సిపాలిటీకి 21 ఏళ్ళు చాలు, అసెంబ్లీకి లోక్‌సభకి 25. ఒడిశాలో వార్డు సభ్యుడు, సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి, జిల్లా పరిషత్ దగ్గర పార్టీ గుర్తులు వస్తాయి. పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి, కాబట్టి హాలు నడిపే ఆడపిల్లలు ఈ వ్యాసం అన్నయ్యల కోసం అనుకోవద్దు. 2022లో బరంపురం మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకున్నప్పుడు గెలిచింది మహిళే. తెలుగువాడికి ఇక్కడ ఓట్లు పడవు అనే మాట కూడా నమ్మకు. వి.వి. గిరి గారు పుట్టిన ఊరు ఇది. 1996లో పి.వి. నరసింహారావు గారు బరంపురం నుంచే లోక్‌సభకి గెలిచారు.

ఇక నా సంగతి. మొదటిసారి నిలబడినప్పుడు పోస్టర్ మీద మెడలో మెడల్‌తో ఉన్న పాత ఫోటో వేయించాను. గుమ్మం గుమ్మానికీ తిరిగాను, అందరూ "మాస్టారు, మాస్టారు" అని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. నాకు గెలిచేసినట్టే అనిపించింది. ఒక సాయంత్రం కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఒక పెద్దావిడ, రెండు బిందెలు కింద పెట్టి, నా కాగితం తీసుకుని మడిచి బొడ్లో దోపుకుని అంది: "నీ పిల్లలు బరువులెత్తుతారు నాయనా, బాగుంది. ఈ బిందెలెవరెత్తుతారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ కుళాయికి నీళ్ళు ఏ వేళకి వస్తాయో, ఎన్ని ఇళ్ళకి అదొక్కటే దిక్కో కూడా నాకు తెలియదు. రెండు వీధుల అవతలే ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఓడిపోయాను.

ఓడిన మర్నాడు ఆ కుళాయి దగ్గరికే వెళ్ళాను. ఇంకో నోట్‌బుక్ కొన్నాను, పిల్లల లిఫ్టులు రాసినట్టే. ఏ వీధిలో ఏ దీపం వెలగదు, ఏ ముసలాయన పెన్షన్ ఎందుకు ఆగింది, ఎవరి రేషన్ కార్డులో ఎవరి పేరు తప్పుంది. పేర్ల తప్పులు దిద్దించడం నాకు అప్పటికే బాగా వచ్చు కదా, మా పిల్లల పుణ్యమా అని. తెలుగు వీధుల్లో ఒడియాలో దరఖాస్తు రాసిపెట్టేవాళ్ళు తక్కువ, అది నేను రాసేవాణ్ణి, రాత్రి హాలు మూశాక అదే బల్ల మీద. చాలా పనులు కాలేదు. కానివి ఎందుకు కాలేదో వెళ్ళి చెప్పాను, అది చెప్పడానికే ఎక్కువసార్లు తిరగాల్సి వచ్చింది. ఒడియా వీధులకీ అలాగే వెళ్ళాను, మనవాళ్ళ ఓట్లతోనే గట్టెక్కుదాం అనుకునేవాడు ఈ ఊళ్ళో గెలవడు, గెలిచినా పని చేయలేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కానీ మన ఇల్లే రెండు భాషల ఇల్లు, రెండు గదుల్లోనూ గెలవాలి.

ప్రచారానికి హాలు పిల్లల్ని వాడకు. జెండాలు మోయించకు, బైకుల మీద తిప్పకు. వాళ్ళ అమ్మానాన్నలు వాళ్ళని నీ దగ్గరికి పంపింది అందుకు కాదు, పైగా వాళ్ళలో అవతలి పార్టీ ఇళ్ళ పిల్లలూ ఉంటారు. ఎన్నికల నెలలో హాల్లో పార్టీ మాట ఎత్తితే బయటికి పంపుతానని బోర్డు మీద రాశాను, అది నాకూ వర్తించింది.

నామినేషన్ వేసే ముందు చివరి పని, హాలు తాళంచెవి ఎవరికి ఇస్తావో తేల్చుకో. కార్పొరేటర్ అయ్యాక పొద్దున అయిదింటికి గుమ్మంలో మనుషులుంటారు, హాలు తెరిచేది కూడా అయిదింటికే. రెండూ నేనే చూసుకుంటానని మొదటి నెల పట్టుబట్టాను, పిల్లలు గేటు బయట చలిలో నిలబడ్డారు. తర్వాత ఆ అమ్మాయికి, పెళ్ళి కావద్దా అన్న నాన్న కూతురికి, తాళంచెవి ఇచ్చేశాను. పాటియాలాలో ఆరు వారాల కోర్సు చేసొచ్చింది. ఇప్పుడు నేను హాలుకి వెళ్తే నన్ను కూడా చెప్పులు బయట విప్పి, నోట్‌బుక్‌లో సంతకం పెట్టి లోపలికి రమ్మంటుంది.